ఇసుక గుంటల అవ్వ

నిన్న పొద్దున టైల్స్ మేస్త్రి వచ్చి పెరడంతా కొలిచాడు కదా. కొలిచి, జామచెట్టు పక్కనున్న రాయిని చెప్పుకాలితో తట్టి, "అమ్మా, దీన్ని పలగ్గొట్టి తీసేస్త. లేకుంటె లెవల్ రాదు" అన్నాడు. "కాలు తియ్యి ముందు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. మీ నాన్న ఫోను మధ్యలో ఆపి బయటికొచ్చాడు. "ఏందమ్మా, ఉత్త రాయికి గింత లొల్లా?" అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు. ఎందుకు నానమ్మా అని అడిగావు. అందుకని నీకు చెబుతున్నాను, రాసుకో.

ఒక్క సంగతి. నా మాటలను నువ్వు పుస్తకాల భాషలోకి దిద్దుకుంటే దిద్దుకో, నాకేం ఫికర్ లేదు. నేను చెప్పబోయే అవ్వ మాటలు మాత్రం ఆమె అన్నట్టే ఉంచు. ఆ చాట ఇటు జరుపు. ప్యాకెట్ బియ్యంలో రాళ్ళెక్కడివి నానమ్మా అంటావు, తెలుసు. నా చేతులకు పనుంటే గానీ నోటికి మాట రాదు.

మన ఇల్లు అప్పట్లో హనుమకొండకు చివరి ఇల్లు. పెంకుటిల్లు. ఆ తర్వాత రెండుసార్లు కూలగొట్టి కట్టారు గానీ స్థలం ఇదే. పెరటిగోడ అవతల ఊరు లేదు, దొరల బంతాట మైదానం ఉండేది. గోల్ఫు అని నీకు తెలుసు, మాకేం తెలుసు? పొడుగు కట్టెలతో చిన్న బంతిని కొట్టి, దాని వెనక తామే నడుచుకుంటూ పోయేవాళ్ళు. అంత పెద్ద దొరలు అంత చిన్న బంతి కోసం గడ్డిలో వంగి వెతుక్కోవడం మాకు తమాషాగా ఉండేది. ఆ గడ్డి కూడా వానాకాలంలోనే. మిగతా కాలమంతా ఎర్రమన్ను, గుండ్లు, తంగేడు చెట్లు.

నిజాం రాజ్యం ఇంకో రెండు మూడేళ్ళలో పోతుందనగా నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. పద్నాలుగేళ్ళు నాకు. పాలకుర్తి నుంచి ఎడ్లబండిలో తీసుకొచ్చారు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, వాళ్ళ పిల్లలు వాళ్ళకయ్యారు. నన్ను బండి ఎక్కించి పంపాక ఆ ఇంటి నుంచి ఎవరూ నా గడప తొక్కలేదు. మన వాడలో కొత్త కోడళ్ళందరూ పుట్టింటికి పోయి ఒడిబియ్యం పోసుకుని వచ్చేవాళ్ళు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికగుడ్డ కొంగులో పోసి పంపుతారు కదా, నీకు మీ అమ్మ పోసినట్టే. వచ్చాక ఆ బియ్యం వండి ఇంటింటికీ పంచేవాళ్ళు. నేను అందరి ఒడిబియ్యం అన్నమూ తిన్నాను. నేను పంచడానికి ఏమీ లేదు.

ఇంట్లో రెండు మగ్గాలుండేవి. మీ తాత, వాళ్ళ నాయన పొద్దంతా మగ్గం గుంటల్లో కాళ్ళు పెట్టుకుని నేసేవాళ్ళు. ఆ టకటకల్లో మాట వినపడదు. మా అత్త మాట వినపడేది, కానీ అది వినకపోయినా నష్టం లేదు. మిగిలింది పెరడు. అక్కడ గోడలో ఒక రాయి ఊడిపోయి తలకాయ పట్టేంత సందు ఉండేది. అంట్లు తోముతూ ఆ సందులోంచి చూసేదాన్ని.

అట్లా చూస్తుంటే ఒకరోజు ఒక ముసలామె వెనక్కి నడుస్తూ కనపడింది. ముఖం ఇటు, నడక అటు. చేతిలో తంగేడు కొమ్మ, దాన్ని నేలమీద ఈడుస్తోంది. ఇసుక గుంటలోంచి అట్లాగే వెనక్కి, వెనక్కి, గట్టెక్కే దాకా అట్లాగే. ఈ ఇంటికొచ్చాక మొదటిసారి పైకి నవ్వాను. ఆమెకు వినపడింది.

"ఎవల పిల్లవే? నవ్వుతానవ్."

"ఎనుకకు నడుస్తానవ్ గదా అవ్వా, పడిపోతవ్."

"ముంగటికి నడిసెటోళ్ళు పడ్తలేరా?" అంది. అని, గట్టు మీద కూర్చుని, కాళ్ళ వేళ్ళ సందుల్లో ఇసుక దులుపుకుంది.

ఆమె పేరు నాకు తెలియదు. ఇప్పుడే చెబుతున్నాను, తర్వాత వెతుక్కోకు. నేను అవ్వ అనేదాన్ని. మా అత్త ఇసుకామె అనేది. మైదానం కూలీల మీద పెద్ద ఒకడుండేవాడు, ముకద్దం. వాడు రాళ్ళది అనేవాడు. "ఓ రాళ్ళదానా!" అని కేకేస్తే, ఎంత దూరంలో ఉన్నా నడుము పట్టుకుని లేచేది.

ఆమె కొలువు రాళ్ళు ఏరడం. ఆ మైదానంలో ఎనిమిది ఇసుక గుంటలు. కావాలనే తవ్వి, వాగు నుంచి బండ్లలో ఇసుక తెచ్చి పోస్తారు. బంతి అందులో పడితే బయటికి కొట్టడం కష్టమట, ఆ కష్టం కోసమే ఆ గుంటలు. వాగు ఇసుక కదా, అంతా గులకరాళ్ళు. వానపడితే అడుగునున్నవి పైకి తేలతాయి. దొర కట్టె ఊపాడంటే బంతితో పాటు రాయి కూడా లేస్తుంది. ముకద్దం కనుబొమ్మ మీద అట్లాంటి రాయి చేసిన గాటు ఒకటి ఉండేది. అప్పటినుంచి వాడికి రాళ్ళంటే పగ.

"రాయి కనవడితె దొరనే తీసెయ్యొచ్చు గదా అవ్వా?" అన్నాను ఒకసారి.

"తియ్యొద్దట. బంతి ఇసుకల పడ్డదంటె, కొట్టకముందు ఇసుకను ముట్టొద్దట. చెయ్యి పెట్టొద్దు, కట్టె ఆనిచ్చొద్దు. రాయి కండ్ల ముంగట కనవడ్తాన్నా ముట్టొద్దు."

"ముడితె ఎవలు చూస్తరు?"

"నేను గదే అడిగిన. వాళ్ళకు వాళ్ళే చూసుకుంటరట!" అని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. "అందుకే నాకు కొలువు బిడ్డా. వాళ్ళు ముట్టరాని రాయిని వాళ్ళు రాకముందే నేను ముడ్త."

కళ్ళతో వెతికేది కాదు. ఎండలో ఇసుక మెరుస్తుంటే కళ్ళు మోసపోతాయట. చెప్పులు విప్పి గుంటలోకి దిగి, అరికాళ్ళను రాసుకుంటూ నడిచేది, మనం చీకట్లో గడప కోసం తడుముకున్నట్టు. ఒకచోట ఆగేది. కాలి బొటనవేలితో తోడేది. రాయి బయటపడేది. దాన్ని చేతిలోకి తీసుకుని, దొంగను పట్టుకున్న జవానులాగా నిలదీసేది.

"ఏమే, ఎప్పుడొచ్చినవ్? నీకు పట్టా ఉన్నాదె ఈడ? లేదు గదా. నడువ్."

ప్రతి రాయికీ అదే మాట. చాటలో పడేసేది. పెద్ద రాయైతే "నువ్వు పటేలువా? అయితె ఏంది, పట్టా ఏది?" అనేది. అన్నీ అయ్యాక తన అడుగులు తానే తంగేడు కొమ్మతో చెరుపుకుంటూ వెనక్కి నడిచి బయటికొచ్చేది. ఆమె వెళ్ళాక ఆ గుంట చూస్తే అక్కడికి ఏ మనిషీ ఎన్నడూ రాలేదనిపించేది. నాకది కొంచెం భయంగా కూడా ఉండేది.

నాకు అప్పట్లో బియ్యంలో రాళ్ళు ఏరడం వచ్చేది కాదు. మా సవతి తల్లి నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు మరి. అన్నంలో రాయి వస్తే మీ తాత ఏమీ అనకుండా పక్కన పెట్టేవాడు. మా అత్త ఆ రాయిని తీసి నా పళ్ళెం అంచున పెట్టేది. "తల్లి లేని పిల్ల అని ఎవలు చెప్పాలె, అన్నమే చెప్తాంది" అనేది. అది విని ఒకసారి గోడ దగ్గర ఏడుస్తుంటే అవ్వ సందులోంచి చెయ్యి పెట్టింది. "చాట ఇటియ్యి."

గోడకు అటు ఆమె, ఇటు నేను. చాటను ఎట్లా వంచాలో, బియ్యం ముందుకు జారుతుంటే రాయి ఎట్లా వెనకబడుతుందో చూపించింది. తర్వాత నీళ్ళల్లో గాలించడం. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్ళతో బియ్యం ఒంపుతుంటే చివర్లో అడుగున మిగిలేది రాయే. "తొందర పడ్డవా, రాయి గూడ దుంకుతది. మెల్లగ. అది ఎటూ పోదు, అది పోలేదు, గందుకే అది రాయి" అంది. పది రోజుల్లో మా అత్త పళ్ళెం అంచు వెతుక్కోవడం మానేసింది. అవ్వకు రోజూ లోటాడు గంజి ఇమ్మని తనే చెప్పింది. నూలుకు పెట్టగా మిగిలిన గంజి. మధ్యాహ్నం అవ్వ పెరటి తలుపు దగ్గరికొచ్చి నిలబడి తాగేది. ఎన్నిసార్లు చెప్పినా కూర్చునేది కాదు.

ఇంకో అలవాటు ఉండేది. ఎనిమిది గుంటల్లో ఒకటి మన గోడకు బాగా దగ్గర. మిగతా ఏడూ అయ్యాక చివరికి దానికి వచ్చేది. అక్కడ రాళ్ళను బెదిరించేది కాదు, మాట్లాడేదే కాదు. ఇసుక తీయడానికి బదులు ఇంకా పోసేది, పక్కనుంచి చేతులతో దోసిళ్ళు దోసిళ్ళు తెచ్చి నడిమధ్య పోసి సర్దేది. పోయేముందు తన ముంతలో మిగిలిన నీళ్ళు అక్కడ ఒంపేది. వేడి తగ్గడానికేమో అనుకున్నాను. అడగలేదు. గోడకు ఇంత దూరం, నాలుగడుగులు. అడిగి ఉంటే ఈ కథ లేదు.

ఆ ఏడు వానలు వెనకబడి వచ్చాయి, చలి మొదలయ్యేదాకా పోలేదు. అవ్వకు జ్వరం తగిలింది. మైదానం అవతల గుట్ట కింద గుడిసె ఆమెది. నాలుగు రోజులు రాలేదు. నేను గంజి పట్టుకెళ్తే చాపమీద వణుకుతూ, "గుంటలు... గోడ పక్క గుంట... ఇసుక కొట్టుకపోతది" అంటోంది. కొలువు గురించి పరేషాన్ అవుతోందనుకున్నాను. తిరిగొస్తుంటే ముకద్దం గట్టు మీద నిలబడి ఎవరితోనో అరుస్తున్నాడు. "రేపు పట్నం నుంచి పెద్ద దొర వస్తాండు. ఒక్క రాయి తగిలినా సరే, రాళ్ళదాన్ని గుడిసెతోసహా పీకి పారేస్త!"

ఆమె పోతే నాకు మాట్లాడటానికి ఎవరున్నారు?

మర్నాడు ఇంకా తెల్లారకముందే చాట పట్టుకుని గోడ దూకాను. పద్నాలుగేళ్ళ కోడలు గోడ దూకిందంటే ఆ రోజుల్లో ఏమనేవాళ్ళో నువ్వే ఊహించుకో. ఆమె చేసినట్టే అరికాళ్ళతో తడుముతూ గుంట గుంటా నడిచాను. "పట్టా ఉన్నాదె నీకు?" అని కూడా అన్నాను, అది అనకపోతే రాళ్ళు దొరకవేమోనని. చాట రెండుసార్లు నిండింది. చివరికి గోడ పక్క గుంట. వానకు ఇసుక జారిపోయి ఉంది. నడిమధ్యలో కాలికి గట్టిగా తగిలింది. తోడాను. రాయి. ఇంకా తోడాను, ఇంకా రాయే. మోచేతి లోతు పోయినా దాని అంచు తేలలేదు. పైన గుండ్రంగా, నున్నగా ఉంది.

ఇంత పెద్దది అవ్వ కాళ్ళకు తెలియలేదా అని ఆశ్చర్యపోయాను. ముసలిదైపోయింది, తీయడం చేతగాక ఇసుక కప్పుతూ వచ్చింది, పాపం, అనుకున్నాను. అంతా అర్థమైపోయింది నాకు! పొద్దు పొడిచేసరికి ముకద్దం వచ్చాడు. కొంగు తలమీదికి లాక్కుని చెప్పాను.

"ముకద్దం సాబ్, గోడ పక్క గుంటల పెద్ద రాయి ఉన్నది. తీయించమని అవ్వ చెప్పి పంపింది."

అవ్వ చెప్పలేదు. ఆమెకు మంచిపేరు రావాలని నేనే అన్నాను. అన్నం పెట్టే చేత్తో విషం పెట్టినట్టు.

నలుగురు గడ్డపారలు వేసి పెకిలించారు. నేను ఇటువైపు నుంచి చప్పుడే విన్నాను. మీ తాత పోయి ముకద్దాన్ని అడిగి, ఆ రాయిని బండి మీద వేయించుకుని పెరట్లోకి తెచ్చాడు. మా బట్టలుతికే బండ అప్పటికే రెండు ముక్కలై ఉంది. కొత్త రాయి ఒక కొన గుండ్రం, ఒక కొన చదరం. గుండ్రం కొనను నేలలోకి పాతి, చదరం పైకి పెట్టాడు. మా అత్త నీళ్ళు చల్లి చేత్తో రుద్ది చూసింది. "మంచిగున్నది. కోడలు వచ్చినంక ఇంటికి పనికొచ్చిన వస్తువు ఇదొక్కటే" అంది. అది నాకు మెచ్చుకోలే. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

పెద్ద దొర వచ్చాడు, ఆడాడు, పోయాడు. రాయి లేవలేదు. తొమ్మిది రోజులు ఆ బండ మీద బట్టలు బాదాం.

పదో రోజు అవ్వ లేచి వచ్చింది. ముఖంలో ఎముకలే ఉన్నాయి. మిగతా ఏడు గుంటలూ వదిలేసి నేరుగా గోడ పక్క గుంటలోకే దిగింది. నేను సందులోంచి చూస్తున్నాను, నన్ను మెచ్చుకుంటుందని ముఖం వెలిగించుకుని. నడిమధ్యలో కాలు పెట్టింది. ఇంకో చోట పెట్టింది. చుట్టూ తిరిగింది. కాళ్ళతో కాదు, కూర్చుని చేతులతో తోడటం మొదలుపెట్టింది.

"అవ్వా!" అని పిలిచాను. "నీ పని నేను చేసిన! ఆ పెద్ద రాయిని గూడ తీయించిన. నువ్వే చెప్పమన్నవని చెప్పిన, నీ కొలువుకు ఫికర్ లేదు!"

ఆమె చేతులు ఆగాయి. నా వైపు చూడలేదు. ఇసుకలో చతికిలపడిపోయింది. అన్ని రోజుల్లో ఆమె ఇసుకలో కూర్చోవడం నేను చూడలేదు, గట్టు మీదే కూర్చునేది.

"ఏడున్నది?" అంది.

"మా పెరట్ల."

ఆమె చుట్టూ తిరిగి పెరటి తలుపు దగ్గరికి వచ్చేసరికి మా అత్త ఆ బండ మీద మీ తాత ధోతి బాదుతోంది. అవ్వ గడప అవతలే నిలబడింది.

"చెల్లె, జర ఆగు."

"ఏమైందవ్వా? గంజి ఇంక కాలేదు."

"గంజికి రాలే. జర దాన్ని కొట్టకు."

మా అత్త చెయ్యి గాలిలోనే ఉంది. అవ్వ మొదటిసారి గడప దాటింది. వచ్చి రాయి పక్కన మోకాళ్ళమీద కూర్చుని, సబ్బు నురగ చేత్తో తుడిచి, మట్టిలో కూరుకుపోయిన వైపు తడిమింది, తలకిందులుగా పడ్డ పసిబిడ్డ తల తడిమినట్టు.

"బొడ్రాయి చెల్లె" అంది. "మా ఊరి బొడ్రాయి."

మా అత్త చేతిలోంచి ధోతి జారిపోయింది. నీకు బొడ్రాయి తెలుసో తెలియదో. ఊరు కట్టేటప్పుడు నడిమధ్య నాటే రాయి. ఊరికి బొడ్డు. దానికి నీళ్ళు పోస్తారు, పసుపు పెడతారు. కాలు తగిలితే లెంపలేసుకుంటారు. మేం దాన్ని తలకిందులుగా పాతి తొమ్మిది రోజులు బట్టలు బాదాం.

అవ్వ చెప్పింది. ఆ మైదానం ఉన్నచోట ఒక చిన్న ఊరు, పదిహేను గడపలు. పేరు రేగులవాడ. మేకలు, జొన్నచేన్లు. ఒక ఎండాకాలం కొలిచేవాళ్ళు వచ్చారు.

"పట్టాలు ఉన్నయా అని అడిగిండ్రు. కాయితాలు మాకేడివి? బొడ్రాయిని చూపిచ్చినం. మా తాతల తాతలు నాటిండ్రు, ఇదే పట్టా అన్నం. రాయి పట్టా అయితదా అని నవ్విండ్రు. నవ్వి, నడువుండ్రి అన్నరు."

కొందరు ములుగు దిక్కు పోయారు, కొందరు రఘునాథపల్లి దిక్కు. ఈమెకు అప్పటికే మొగుడు లేడు, పిల్లలు లేరు. ఎవరి వెంట పోతుంది? బొడ్రాయికి నీళ్ళు పోయడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అని ఉండిపోయింది. గుండ్రం తల ఒక్కటే పైకి కనపడే ఆ రాయిని తవ్వే శ్రమ ఎందుకని, దాని చుట్టూ గుంట చేసి, అది మునిగేలా ఇసుక పోశారు. అది చూసి తనే పోయి ముకద్దం కాళ్ళు పట్టుకుని రాళ్ళేరే కొలువు అడిగింది. ఎనిమిది గుంటల్లో రాళ్ళు ఏరేది, ఆ ఒక్క రాయి ఎవరికీ దొరక్కుండా ఉండటానికి.

"అవ్వా, నేను చేసిన. మీ ఊరిని నేనే పీకిచ్చిన" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "నువ్వు రాళ్ళు ఏరినవ్ బిడ్డా. నేను నేర్పిన పనే చేసినవ్."

అంతకంటే తిట్టు నేను పడలేదు ఈ జన్మలో. ఆమె తిట్టుగా అనలేదు, అందుకే.

మీ తాత మగ్గం దిగి వచ్చి విన్నాడు. "ముకద్దాన్ని బతిమాలి ఆడనే మళ్ళ పాతిపిస్త అవ్వా" అన్నాడు.

"అది మొక్కనా అయ్యా, పీకి పాతనీకి? బొడ్రాయిని నాటాలంటె ఊరంత ఉండాలె. పొలిమేర కట్టాలె, లోపలోళ్ళు బయటికి పోవద్దు, బయటోళ్ళు లోపలికి రావొద్దు. మనువై పోయిన ఆడబిడ్డలందరు ఒచ్చి నీళ్ళు పొయ్యాలె." ఆగింది. "నేనొక్కదాన్నే ఉన్న. నేను ఊరునెట్లయిత?"

అవ్వ గంజి తాగకుండానే పోయింది.

రెండు వారాలు ఆమె గుంటల్లో రాళ్ళు ఏరేది, కానీ రాళ్ళతో మాట్లాడేది కాదు. తీసి చాటలో వేసేది, అంతే. మా అత్త మళ్ళీ ఆ పగిలిన పాత బండ మీదే బట్టలు ఉతికేది. రాయి అట్లాగే తలకిందులుగా ఉంది. దాన్ని ముట్టడానికి మాకు ధైర్యం లేదు.

తర్వాత ఒక శుక్రవారం పొద్దున్నే వచ్చింది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఉంది. చేతిలో చిన్న మూట.

"చెల్లె, నీ కోడలిని నాకు ఒక్క పూట ఇస్తవా?"

"ఎందుకవ్వా?"

"ఆడబిడ్డను చేసుకుంట."

మూట విప్పింది. బియ్యం, పసుపు కలిపి ఉన్నాయి. తను తినే గింజల్లోంచి పిడికెడు పిడికెడు దాచి, రెండు వారాలు ఏరింది. కుడుకల్లేవు, రవికగుడ్డ లేదు. నన్ను గడప మీద నిలబెట్టి, "కొంగు పట్టు" అంది. పట్టాను. ఐదు దోసిళ్ళు పోసింది. ఇంత బియ్యం. ఒక్క రాయి లేదు బిడ్డా, ఒక్క నలుసు లేదు. నా పుట్టింటి నుంచి నాకొచ్చిన ఒడిబియ్యం అవే, మొదటివీ కడపటివీ.

"ఇగ రేగులవాడకు ఒక ఆడబిడ్డ ఉన్నది" అంది. "ఒక్కదాన్ని ఉంటె గుడిసె. ఇద్దరముంటె ఊరనొచ్చు, ఎవలు కాదంటరో రమ్మను."

అప్పుడు తంగేడు కొమ్మ తీసుకుంది. పెరటి మూలనుంచి మొదలుపెట్టి, కొమ్మ ఈడుస్తూ, వెనక్కి నడుస్తూ, ఇంటి చుట్టూ గీత గీసింది. పొలిమేర కట్టింది. ఆ ఊరు మన పెరడంత అయింది. మా అత్త లోపల ఉండిపోయింది, ఆమె కూడా ఊరిలో లెక్కే. మీ తాత బీడీలకు పోయినవాడు తిరిగొచ్చి గీత అవతల ఆగిపోయాడు.

"నా ఇంట్లకు నన్ను రానియ్యరా?"

"పనైందాక ఆగురా!" అని మా అత్త కేకేసింది. "పొలిమేర కట్టినం. దాటినవంటె కాళ్ళు ఇరగ్గొడ్త!"

ముగ్గురు ఆడవాళ్ళం కలిసి రాయిని పెకిలించి, తల పైకి తిప్పి, జామచెట్టు పక్కన నాటాం. నా గోళ్ళు రెండు లేచిపోయాయి. కింద వేయడానికి అవ్వ కొంగుముడి విప్పి, మొదట ఆ రాయి నాటినప్పుడు దాని కింద వేసిన రాగి పైసా తీసింది. ఆ గడ్డపార కూలీల్లో ఒకడు పాత గుంటలో దొరికితే భయపడి, ఆమె గుడిసె ముందు పెట్టి పోయాడట. నేను బిందెతో నీళ్ళు పోశాను. ఆడబిడ్డను కదా.

అంతా బాగైందని రాయకు. బాగవలేదు. ఆ తర్వాత ఆమె రోజూ వచ్చి ముంతెడు నీళ్ళు పోసేది, గడప లోపల కూర్చునేది కూడా. కానీ ఒక్కోసారి గోడ సందులోంచి ఆ ఖాళీ గుంట వైపు చూస్తూ ఉండిపోయేది. నేను పిలిచినా వినేది కాదు. రాయిని తెచ్చుకున్నాం గానీ ఆ నేలను తేలేము కదా. రాళ్ళను పట్టా అడగడం మాత్రం మళ్ళీ మొదలుపెట్టలేదు.

రెండేళ్ళకు రాజ్యం పోయింది, దొరలు పోయారు. మైదానంలో మేకలు తిరిగాయి. గుంటల్లోకి వాననీళ్ళు మన్ను తెచ్చి నింపాయి. ఎవరూ ఏరమనకపోయినా ఆమె కొన్నాళ్ళు ఏరింది. ఒకరోజు నీళ్ళు పోయడానికి రాలేదు. గుడిసెకు పోయేసరికి చాపమీద ఆమె ముఖం కప్పి ఉంది, అప్పటికే ముకద్దం, ఇద్దరు మనుషులు ఉన్నారు. ఎవరో కాగితం పట్టుకుని పేరేమిటని అడిగారు. ముకద్దం నావైపు చూశాడు. మూడేళ్ళు ఆమె చేతి పని నేర్చుకున్నదాన్ని, ఆమె ఒడిబియ్యం తిన్నదాన్ని. నాకు తెలియదు. ఊరి పేరు అడిగాను, ఆమె పేరు అడగలేదు.

"రాళ్ళది అని రాయుండ్రి" అన్నాడు ముకద్దం. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. కాగితం మీద అదే రాశారు.

ఆ రోజునుంచి ఆ ఊళ్ళో నేనొక్కదాన్నే ఉన్నాను. రోజూ చెంబెడు నీళ్ళు పోస్తున్నాను. మీ తాతకు తెలుసు, మా అత్తకు తెలుసు, వాళ్ళు పోయారు. మీ నాన్నకు చెబుదామనుకున్నప్పుడల్లా వాడికి ఏదో పని. ఇప్పుడు నా మోకాళ్ళు వంగడం లేదు.

మేస్త్రికి నువ్వే చెప్పు. రాయి చుట్టూ టైల్స్ వేయమను, లెవల్ రాకపోతే రాకపోనీ. ఏమిటి ఈ రాయి అని అడిగితే, దీనికి పట్టా ఉన్నదని చెప్పు.

ఇదిగో, ఏరడం అయింది. మూడుసార్లు చూశాను, ఒక్క నలుసు లేదు. ఆ పసుపు డబ్బా ఇటు అందుకో. ఇక రాయడం ఆపు. పెన్ను పక్కన పెట్టి, చున్నీ పట్టు.